వలసజీవులును చలిజ్వరమును
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



 నేను పండితుడను గాను; వక్తను అంతకంటెను గాను. 1977వ సంవత్సరము మొదలుకొని ముప్పదియారేండ్లు మలేరియా శాఖలో చిన్న యుద్యోగము చేసి, గాజుపలకలపై జనుల నెత్తురుచుక్కలు సేకరించి, ఇండ్లగోడలపై మందు చల్లించి, తుదకు పింఛను పుచ్చుకొని యింట కూర్చున్నవాడను. నాకు తెలిసిన విద్య యొక్కటే. కావున దానిని గూర్చియే చెప్పుదును; దోషములున్న మన్నింపుడు.

ఉదయమునుండి యీ వేదికపై విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వరకట్నమును గూర్చియు, పిల్లల ఉన్నతవిద్యను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. అవి యన్నియు వినదగిన మాటలే. వినుచున్నంతసేపును నేను సభవైపు చూచుచుంటిని. నెరసిన తలలు మెండుగా నున్నవి. స్త్రీలున్నారు, చిన్నపిల్లలున్నారు. ఇరువదియేండ్లకును నలుబదియేండ్లకును నడుమనుండు మగవారు మాత్రము వ్రేళ్ళపై లెక్కింపదగినంతమందియే కనబడుచున్నారు. వారెక్కడ నున్నారో మీకును తెలియును, నాకును తెలియును. కొందరు హైదరాబాదులో కట్టుచున్న మేడలమీద నున్నారు. కొందరు చెన్నపట్టణమున, కొందరు బెంగుళూరున నున్నారు. మన తీరపు మత్స్యకారులు గుజరాతులోని వెరావలు రేవున పరుల పడవలమీద నున్నారు. వారు పంపిన సొమ్ముతోనే యీ పందిరి వేసితిమి. నేను నేడు యీ సభకు రానివారిని గూర్చి మాటలాడ దలచితిని.

మన జిల్లాలకు వలస క్రొత్తది కాదు. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము రేవులలో ఓడలెక్కి మన తాతలు రంగూనునకు పోయిరి. మరికొందరు అస్సాము తేయాకు తోటలకు పోయిరి. బర్మాదేశమువారు తెలుగువారినందరిని కోరంగి రేవు పేరు పెట్టి ‘కొరంగీలు’ అని పిలిచెడివారు. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి రంగూను నగరమున సగమునకు మించి భారతీయులే యుండిరి. బర్మాలోని తెలుగువారు లక్షకు మించి యుండిరి. వడ్లమిల్లులలో బస్తాలు మోయుట, రేవులో సరకు దింపుట, వీథులు శుభ్రముచేయుట వారి పనులు. ఇంటికి మనియార్డరు వచ్చిన దినమున మన గ్రామములలో పండుగ.

1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై జపానువారి బాంబులు పడినవి. 1942 మార్చిలో నగరము వారి వశమయ్యెను. డబ్బుగలవారు ఓడలలో తప్పించుకొనిరి. లేనివారు నడచిరి. ప్రోము నగరమునుండి టౌంగప్ కనుమ మీదుగా అరకాను తీరమునకు కొందరును, తము మీదుగా మణిపురమునకు కొందరును, మిక్కిలి యుత్తరమున హుకాంగు లోయలోబడి అస్సామునకు కొందరును లక్షలకొలదిగా నడచిరి. త్రోవలో కలరా, గ్రహణి, చలిజ్వరము వారిని వేలకొలదిగా పొట్టబెట్టుకొన్నవి.

అట్లు నడచిన వారిలో మా తాతగారును, మా తండ్రిగారును కలరు. తాతగారు వడ్లమిల్లులో కూలి. తండ్రికప్పుడు పండ్రెండేండ్లు. టౌంగప్ కనుమ దాటునపుడు తాతగారికి చలి పట్టెను. రోజువిడిచి రోజు వణకుచు, జ్వరము దిగిన దినమున నడచుచు, ఎక్కిన దినమున చెట్టుక్రింద పరుండుచు, చిట్టగాంగు చేరి, అచ్చటనుండి రైలుమీద ఇల్లు చేరిరి. అప్పటికే కడుపులో బల్ల పెరిగియుండెను. మందేది? ఆ కాలమున ప్రపంచమునకు గావలసిన క్వినైనులో నూటికి తొంబదిపాళ్ళు జావాద్వీపపు సింకోనా తోటలనుండియే వచ్చెడిది. రంగూను పోయిన ఆ మార్చిమాసముననే జావాయును జపానువారి పాలయ్యెను. మా తాతగారు ఆ సంవత్సరము వానకాలము వెళ్ళకుండగనే పోయిరి.

మా తండ్రిగారు ఈ కథ చెప్పునపుడు జ్వరమును గూర్చి కన్నీరు పెట్టుకొనుట నేను చూడలేదు. మరియొక సంగతి చెప్పునపుడు మాత్రము వారి గొంతు పట్టుకొనెడిది. ఆ యేడు మా వీథిలో నాలుగైదిండ్ల వారికి చలిజ్వరము తగిలినదట. ‘బర్మావాళ్ళు జ్వరము మోసుకొని వచ్చిరి’ అని ఊరివారు వారిని నూతికడకు రానీయలేదట. ఊరివారన నెవరు? మన కులమువారే. ఆ పండ్రెండేండ్ల బాలుడు తండ్రి గొంతు తడుపుటకు చెరువునకు పోయి నీళ్ళు తెచ్చెనట.

1962లో బర్మాలో సైనికప్రభుత్వము వచ్చి, 1964లో అంగళ్ళు, వ్యాపారములు జాతీయము చేయగా, మన తెలుగు కుటుంబములు వేలకొలదిగా మరల తిరిగివచ్చినవి. విశాఖపట్నమున బర్మాక్యాంపు అను పేర నేటికిని ఆ గుర్తు నిలిచియున్నది. ఈ మారు వారు అడవులలో నడువలేదు, ఓడలలో వచ్చిరి. అప్పటికి దేశమున క్లోరోక్విను మాత్రయు, గోడలకు చల్లు డి.డి.టి.యు నుండెను. ఇరువదిరెండేండ్లలో మనుష్యుని తెలివి ఎంత మార్పు తెచ్చినదో చూడుడు.

ఆ తెలివికి మొదటి యంకురము మన తెలుగునేలపైననే మొలచినది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో సైనికవైద్యుడగు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూచి, మలేరియా క్రిమిని అందు కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. అంతవరకు చెడుగాలివలన ఈ జ్వరము వచ్చునని లోకము నమ్మెడిది. మలేరియా అను మాటకే చెడుగాలి యని యర్థము. మన పెద్దలు దీనిని మన్యపు జ్వరమనిరి, కొండనీరు పడలేదనిరి. దోషము గాలిలోను లేదు, నీటి రుచిలోను లేదు. అనాఫిలీసు అను జాతి ఆడుదోమ రోగిని కుట్టి నెత్తురుతోపాటు క్రిమిని పీల్చుకొనును. ఆ క్రిమి దోమలో పది పదునాలుగు దినములు పెరిగి, పిమ్మట అది కుట్టిన మనుష్యుని కెక్కును. మనుష్యునిలో జ్వరము బయటపడుటకు ఇంచుమించు వారమునుండి నెలవరకు పట్టును.

ఇందు మూడు సంగతులు వలసవానికి ముఖ్యములు. వానిని మీరు మనస్సున నుంచుకొన వేడెదను.

మొదటిది: దోమ యెగురు దూరము స్వల్పము. క్రిమిని నూరామడలు మోయునది మనుష్యుడే. రైలెక్కినవాని నెత్తురులో క్రిమియు రైలెక్కును. దిగినచోట దానికి తగిన దోమ యున్నచో అక్కడ క్రొత్త సంసారము పెట్టును. మన కొండవాగులలో ఒకజాతి అనాఫిలీసు, మైదానపు కాలువలలో మడుగులలో మరియొక జాతి, పట్టణములలో మేడలమీది తొట్లలోను, కట్టడములకై నిలువచేసిన నీళ్ళలోను వేరొక జాతి పెరుగుచున్నవి. కావున కొండ, మైదానము, పట్టణము అను భేదము లేక అంతటను దానికి చుట్టములున్నారు.

రెండవది: జ్వరసీమలో పుట్టి పెరిగినవానికి పలుమారులు జ్వరము సోకుటచే కొంత తట్టుకొను శక్తి కలుగును. వాని నెత్తురులో క్రిమి యున్నను పైకి జ్వరము కనబడకపోవచ్చును. ఏ జ్వరములేని యూరినుండి పోయినవానికి ఆ రక్షణ లేదు. మొదటి కాటుకే కూలిపోవును. పూర్వము జయపురపు కొండలకు ఉద్యోగముమీద పంపినచో మన మైదానపువారు కంటతడి పెట్టుకొనుటకు కారణమిదియే. విజయనగరమునుండి రాయపూరునకు కొండలగుండ వేసి 1931లో పూర్తిచేసిన రైలుమార్గము పేరు చెప్పినను ఆ కాలపువారికి జ్వరమే స్ఫురించెడిది. బెంగాలు-నాగపురము రైల్వేవారు ఈ జ్వరముకొరకే సీనియర్‌వైట్ అను నిపుణుని ప్రత్యేకముగా నియమించుకొనవలసి వచ్చెను.

మూడవది: క్రిములలో మనకు ముఖ్యములైనవి రెండు. ఫాల్సిపారము అనునది కొలది దినములలోనే మెదడున కెక్కి ప్రాణము తీయగలది. వైవాక్సు అనునది ప్రాణము తీయుట యరుదు గాని, కాలేయములో దాగి నెలల తరువాత మరల లేచునది. జనవరిలో బెంగుళూరున కుట్టిన దోమకు జూలైలో మన యింట చలి పుట్టవచ్చును. జ్వరము తగ్గినంతమాత్రమున రోగము పోయినదని యనుకొనరాదు.

ఇక దేశము చేసిన పని వినుడు. స్వాతంత్ర్యము వచ్చిననాటికి ఏటేట ఏడున్నర కోట్లమందికి ఈ జ్వరము వచ్చుచుండెననియు, ఎనిమిది లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలయ్యెను. 1958లో అది నిర్మూలన కార్యక్రమముగా మారెను. ఊరూర మందుచల్లువారు వచ్చి, చల్లిన తేదీ గోడపై వ్రాసిపోవుట మీలో వృద్ధులైనవారు చూచియుందురు. 1965 నాటికి దేశమంతటను రోగుల సంఖ్య ఇంచుమించు లక్షకు దిగెను. మరణములే లేవని లెక్కలలో వ్రాసికొంటిమి. శత్రువు చచ్చెనని తలచి కత్తి ఒరలో పెట్టితిమి. 1976లో ఆ సంఖ్య అరువదినాలుగు లక్షలు దాటెను. దోమలు మందునకు అలవాటుపడెను, మందును చాలలేదు, పట్టణములు పెరిగెను, పనులకై జనులు గుంపులు గుంపులుగా తిరుగజొచ్చిరి, మనవారి శ్రద్ధ సడలెను. ఆ ఉపద్రవమున 1977లో క్రొత్తపద్ధతి పెట్టి, క్రొత్తవారిని నియమించిరి. నాకు ఉద్యోగము దొరికినది అప్పుడే. దేశముయొక్క అశ్రద్ధయే నాకు అన్నముపెట్టినదని నేను పలుమారులు అనుకొనుచుందును.

మన పొరుగుననే మరి రెండుదృష్టాంతములు కలవు. 1955లో విద్యుత్తు నిచ్చుట ప్రారంభించిన మాచ్‌ఖండ్ నిర్మాణము జ్వరపు టడవుల నడుమ జరిగినది. మరి 1958లో కేంద్రప్రభుత్వము దండకారణ్య పథకము నేర్పరచి, తూర్పుబెంగాలునుండి వచ్చిన కాందిశీకులను కోరాపుట్టి, బస్తరు సీమలలో నిలిపినది. ఇల్లు, వాకిలి, భాష, నది యన్నియు విడిచి వచ్చిన ఆ జనులకు క్రొత్తనేల మొట్టమొదట పరిచయము చేసినది ఈ జ్వరమునే. రక్షణలేని శరీరములతో వచ్చిరి గనుక వారు మిక్కిలి బాధపడిరి. కాందిశీకునికి భూమి నిచ్చినంతమాత్రమున చాలదు. దోమతెరయు, మందును, అడుగువానిని గూడ ఈయవలయునని అది మనకు నేర్పిన పాఠము.

ఆ ఒడిశారాష్ట్రమే తరువాత మనకు మంచిపాఠమును గూడ నేర్పినది. 2016లో అక్కడ నాలుగు లక్షల నలుబదివేలకు మించి మలేరియా రోగులు లెక్కకు వచ్చిరి. 2017నుండి ఆ ప్రభుత్వము దుర్గమగ్రామములకు శిబిరములను పంపి, జ్వరమున్నవారిని లేనివారిని గూడ పరీక్షించి, క్రిమి కనబడినవారికెల్ల మందిచ్చి, దోమతెరలు పంచెను. 2018లో రోగుల సంఖ్య అరువదియారువేల ప్రాంతమునకు దిగెను. రోగి వచ్చునని కూర్చుండక రోగికడకు పోయిరి. రహస్యమంతయు నందే యున్నది. మన సీతంపేట, కురుపాము, గుమ్మలక్ష్మీపురము, సాలూరు, పాచిపెంట కొండసీమలును ఆ కొండల కొనసాగింపులే. ఈ సీమలో అధికభాగము 2022నుండి పార్వతీపురము మన్యము జిల్లాగా నున్నది. ఒక ప్రక్క ఆరిన నిప్పు రెండవప్రక్క నుండి మరల అంటుకొనకుండవలయునన్న ఇరుప్రక్కలవారును మేలుకొని యుండవలయును.

శ్రీలంక 2016లో మలేరియారహిత దేశమని ప్రపంచ ఆరోగ్యసంస్థచే గుర్తింపు పొందెను. చీనా 2021లో పొందెను. వరుసగా మూడేండ్లు స్థానికముగా ఒక్కరికైనను ఈ జ్వరము పుట్టకున్నగాని ఆ గుర్తింపు రాదు. మన దేశము 2030 నాటికి ఆ స్థితికి చేరవలయునని సంకల్పము చెప్పుకొన్నది. రోగులు కోట్లలో నున్నపుడు గోడలకు మందుచల్లిన చాలును. రోగులు వేళ్ళపై లెక్కింపదగినంతమంది యైనపుడు ఒక్కొక్కరిని వెదకి పట్టుకొనవలయును. ఆ మిగిలిన కొలదిమంది యెవరు? మార్గము లేని కొండగూడెములలోనివారును, నేడొకచోట రేపొకచోట నుండు వలసకూలీలును. కడపటి మెట్టుపై నిలిచియున్నది వలసజీవియే. వానిని విడిచి ఎక్కుదమన్న ఆ మెట్టు ఎక్కలేము.

వానికి వైద్యమేల అందదు? మందులేక కాదు. ప్రభుత్వవైద్యశాలలో మలేరియా పరీక్షయు, మందును దేశమంతటను ఉచితము. గ్రామమున ఆశాకార్యకర్త చేతిలోని చిన్నపలక పావుగంటలో ఫలితము చెప్పును. అయినను వలసవాడు చేరునప్పటికి ప్రతిద్వారమును మూసియుండును. సొంతయూర దోమతెరలు పంచుదినమున అతని యింటికి తాళము. మందుచల్లువారు వచ్చినను తాళమే. పనిచోట అతడుండునది రేకుల పాక, లేదా పరదా గుడారము. మందు చల్లుదమన్న గోడలే లేవు. అక్కడి ఆరోగ్యకార్యకర్త పుస్తకములో అతని పేరు లేదు. ఇక్కడి పుస్తకములో ‘ఊర లేడు’ అని యున్నది. అక్కడి వైద్యుని భాష కన్నడమో, మరాఠీయో, గుజరాతీయో. ఆస్పత్రికి పోయిన దినపు కూలి పోవును. కావున మందులయంగటిలో రెండు మాత్రలు కొని మ్రింగును, జ్వరము దిగును, మరల పనిలోనికి పోవును. నెత్తురు తీసి పంపినను ఫలితము వచ్చునప్పటికి మేస్త్రీ అతనిని వేరొక యూరికి తరలించియుండును. నా యుద్యోగకాలమున ఇట్లు చీటీ చేతబట్టుకొని ఖాళీపాకలముందు ఎన్నిమారులు నిలిచితినో లెక్కలేదు.

ఇంతవరకు పరులను గూర్చి చెప్పితిని. ఇక నా తప్పు చెప్పెదను. సభాముఖమున చెప్పుటకు సిగ్గగుచున్నది. అయినను చెప్పకున్న ఈ యుపన్యాసమునకు అర్థము లేదు.

నేను ఉద్యోగము విరమించిన మరుసటియేడు, 2014 సంక్రాంతికి, మా అక్కగారి మనుమడు పశ్చిమతీరపు పట్టణమొకదానినుండి ఇంటికి వచ్చెను. అక్కడ మేడల కట్టుబడిలో ఇనుప కడ్డీలు కట్టువాడు. ఇరువదిమూడేండ్ల ప్రాయము, ఆ వైశాఖమున పెండ్లి నిశ్చయించియుంటిమి. పండుగనాడు మొగము వాడియుండెను. అక్కడ పదిదినముల క్రిందట జ్వరము వచ్చెననియు, రెండుమాత్రలు వేసికొనగా పోయెననియు చెప్పెను. నేను వానిని చూచి, ‘రెండు దినములు రైలులో నిలువుకాళ్ళమీద వచ్చితివి, బడలిక, పడుకొనుము’ అంటిని. తాతయ్య మలేరియా ఉద్యోగి గదా, ఆయనయే బడలిక యనెనని ఇంటివారు నిశ్చింతగా నుండిరి. కనుమనాటి రాత్రి జ్వరము తిరుగబెట్టెను. ఊరిలో సూదిమందు వేయించిరి, సెలైను ఎక్కించిరి. మూడవనాడు మాట తడబడెను. పట్టణమునకు తీసికొనిపోవునప్పటికి తెలివి లేదు. అక్కడ నెత్తురుచుక్క తీసి చూచిరి, ఫాల్సిపారము. పావుగంట పని. నేను ముప్పదియారేండ్లు చేసిన పని. తెల్లవారకముందే పిల్లవాడు పోయెను.

మా అక్క నన్ను ఒక్కమాట యనలేదు. అనియుండిన బాగుండునని నాకు నేటికిని తోచును.

వానిని నేను అడుగవలసినది అంతయు ఒక్క ప్రశ్న: ‘నాయనా, ఎక్కడనుండి వచ్చితివి? అక్కడ జ్వరములున్నవా?’ మన యింటికి ఎవరు వచ్చినను కాళ్ళకు నీళ్ళిచ్చి మొదట అడుగు ప్రశ్న ఇదే గదా! అతిథి నడిగెడి ప్రశ్నను జ్వరపడినవాని నడుగుట మరచితిని. అంతే. దానికి ఒక ప్రాణము వెలయైనది.

కావున నాకు తోచిన కొన్ని పనులను మహాసభ ముందుంచుచున్నాను. వీనికి ధనము స్వల్పముగా చాలును. శ్రద్ధ మాత్రము మెండుగా కావలయును.

ఒకటి: మన ప్రతి గ్రామశాఖయందును వలసపుస్తకము నుంచవలయును. ఎవరు ఎక్కడకు పోయిరి, ఎప్పుడు వచ్చెదరు, అను రెండుమాటలు చాలును. వచ్చినవాని సమ్మతితో ఆ వార్త ఆశాకార్యకర్తకు చేరవలయును. ఇది వానిని వెలివేయుటకు గాదు, వానికి మందు చేరుటకు. పుస్తకము చూపి ఎవనినైనను నూతికి దూరము చేసినచో ఆ పుస్తకమును తగులబెట్టుటయే మేలు.

రెండు: ప్రయాణమగువానికి ఒక దోమతెరయు, ఒక అట్టయు ఈయవలయును. ‘నాకు జ్వరముగా నున్నది, దయచేసి మలేరియాకై నెత్తురు పరీక్షింపుడు’ అని హిందీలోను, కన్నడమునను, అరవమునను, మరాఠీలోను, గుజరాతీలోను ఆ యట్టపై అచ్చువేయవలయును. భాషరానివానికి అది నోరగును. మన విద్యార్థి వసతిగృహములోని పిల్లలు ఒక్కదినమున ఈ పని చేయగలరు.

మూడు: వలసనుండి వచ్చినవానికి సంవత్సరములోగా ఏ జ్వరము వచ్చినను ఆ దినముననే నెత్తురుపరీక్ష చేయింపవలయును. వైవాక్సు అని తేలినచో మూడు దినముల మందుతో ఆపక, వైద్యుడు వ్రాసిన పదునాలుగు దినముల ప్రైమాక్విను పూర్తిచేయవలయును. గర్భిణులకును పసిపిల్లలకును ఆ మందు కూడదు. కొందరి నెత్తురునకును అది సరిపడదు. కావున ఇరుగుపొరుగువారి మాత్రలు అడిగి మ్రింగరాదు. ఫాల్సిపారమునకు ఆర్టెమిసినిను కలిసిన మందు కలదు. ఆ మూలికను వెదకి తీసిన చీనాదేశపు విదుషి తూ యూయూకు 2015లో నోబెలు బహుమానము వచ్చినది. అంతటి మందును సగములో విడుచుట మహాపాతకము.

నాలుగు: ఈ మాట మేస్త్రీలకును, కాంట్రాక్టరులకును. మీరు ముందువరుసలో కూర్చున్నారు. ఈ సంఘమునకు మహారాజపోషకులు. వసతిగృహమున మీ పేర చలువరాతి ఫలకములున్నవి. మిమ్ము నిందించుటకు నేను రాలేదు. మీలో పలువురు ఒకప్పుడు తట్టలు మోసి పైకివచ్చినవారే. అయినను అడుగుచున్నాను: మీరు రైలెక్కించిన పిల్లలలో ఎందరికి దోమతెర యిచ్చితిరి? జ్వరమువచ్చి ఆస్పత్రికి పోయిన దినమున ఎందరికి సగముకూలియైనను వేసితిరి? పనిచోట తొట్లు వారమునకొకమారు కడిగించి ఆరబెట్టించితిరా? దోమ గ్రుడ్డునుండి రెక్కలదోమ యగుటకు వారము పదిదినములు పట్టును. వారమునకొకమారు నీరు పారబోసినచో దాని వంశమే నిలువదు. కూలీలకు ఉచితవైద్యమును, తగిన బసయును ఏర్పరచుట వారిని తీసికొనిపోయినవాని విధియని పార్లమెంటు 1979లోనే అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టమున నిర్ణయించెను. ఆ చట్టము తరువాత వచ్చిన కార్మికసంహితలో కలిసిపోయెను గాని, ధర్మము దేనియందును కలిసిపోలేదు.

అయిదు: పెద్దాసుపత్రికి చేరువనున్న మన కులసత్రమున రెండుగదులను జ్వరరోగుల బంధువులకై విడువవలయును; ఆ గదులలో కులమడుగరాదు.

ఇక్కడ కొందరి కనుబొమలు ముడివడుట చూచుచున్నాను. నిన్న కార్యనిర్వాహక సమావేశములోను ఒక పెద్దమనిషి, ‘దాతలు కులమునకిచ్చిన సొమ్మును పరులకెట్లు వెచ్చింతుము?’ అని యడిగిరి. న్యాయమైన ప్రశ్నయే, సమాధానము చెప్పవలసినదే. మన పిల్లలు పరదేశమునకు పోయినట్లే, మన యూళ్ళ ఇటుకబట్టీలకు ఒడిశానుండి కుటుంబములు వచ్చుచున్నవి. కొండలనుండి సవరలు, జాతాపులు మన చేలలో ఊడ్పులకు, కోతలకు దిగుచున్నారు. వారి బిడ్డ నెత్తురులో నున్న క్రిమిని పీల్చినదోమ తరువాత మన బిడ్డను కుట్టును. అది గోత్రమడుగదు. మన కులమువారినే కాపాడుకొందుమన్నను, చేనికట్టుమీది పాకలో నున్న పరాయివాని జ్వరము మాన్పకుండ అది సాధ్యము గాదు. ఇది లాభనష్టముల లెక్క. దీనికంటె పెద్దలెక్క యొకటి కలదు. 1942లో చిట్టగాంగు చేరిన మా తాతకును తండ్రికిని గంజిపోసినవారు బెంగాలీలు. వారి కులమేదో, మతమేదో మా తండ్రిగారికి తెలియదు. వారడుగలేదు గనుక వీరును అడుగలేదు. ఆ గంజిఋణము ఎనుబదియేండ్లు దాటినను తీరక నా తలపై నున్నది. మీలో బర్మానుండి నడచి వచ్చినవారి సంతతి ఎందరున్నారో, వారందరి తలలమీదను ఉన్నది.

2020లో కరోనా వేళ దేశము మూతపడినపుడు మన పిల్లలు రహదారులవెంట నడచివచ్చిరి. గుజరాతులో చిక్కుకొన్న మన మత్స్యకారులు వేలమందిని బస్సులలో తీసికొనివచ్చిరి. అప్పుడును కొన్ని గ్రామములలో పొలిమేరకు ముళ్ళకంచెలు వేసిరి. నాకు మా తండ్రిగారి చెరువునీళ్ళు జ్ఞప్తికి వచ్చినవి. జ్వరముతో వచ్చినవానిని వెలివేసినచో వాడు రెండవమారు జ్వరమును దాచును. దాచిన జ్వరము ఊరినంతయు కాల్చును. ఆదరించినచో తానే వచ్చి చేయిచాచి, ‘నెత్తురు చూడుడు’ అనును. కాబట్టి ఆదరణ దయ మాత్రమే కాదు, అది మందులో సగపాలు.

సోదరులారా! నేను ధనికుడను గాను. వలసపుస్తకములకును, దోమతెరలకును మొదటి చందాగా నా యొక నెల పింఛను మొత్తమును అధ్యక్షులవారి చేతికిచ్చుచున్నాను. ఇది మా అక్కగారి మనుమని పేర వ్రాయవలదు, ఫలకమును వలదు. రేపు సంక్రాంతికి మీ మీ యిండ్లకు పిల్లలు వచ్చెదరు. గుమ్మములో సంచి దింపగానే పిండివంటలకు ముందు వారిని ఒక్కప్రశ్న అడుగుడు. మొగము వాడియున్నచో బడలిక యని నావలె నిశ్చయింపక, చేయిపట్టుకొని పరీక్షకు తీసికొనిపొండు. అదే నాకు మీరిచ్చు సన్మానము.

ఆరోగ్యముకొరకు జనులు చేతులుజోడించు అరసవల్లి సూర్యనారాయణమూర్తి మన జిల్లాలో వెలసియున్నాడు. ఆయన కిరణము గుడిసెయని, మేడయని, కులమని ఎంచక పడును. అట్టి చూపు మన సంఘమునకును కలుగుగాక యని ప్రార్థించుచున్నాను.